సంఘం మెయిళ్లు, ఇంటి కాగితాలు: క్లౌడ్ బయట మన దగ్గరే ఒక ప్రతి

సరిహద్దు ఊళ్లో ఒక తెలుగు సంఘం. బడిలో తెలుగు సెక్షన్‌కు టీచరు పోస్టు ఖాళీగా ఉందని విద్యాశాఖకు ఏళ్ల తరబడి మెయిళ్లు పెడుతూ వచ్చింది. ఈమధ్య వచ్చిన కొత్త అధికారి "మీ పాత అర్జీ మా ఫైల్లో లేదు, మీ దగ్గర ఉంటే చూపించండి" అన్నారు. అడిగింది న్యాయమే. కానీ ఆ మెయిళ్లన్నీ పాత కార్యదర్శి గారి సొంత అకౌంట్‌లో ఉన్నాయి. ఆయన కాలం చేసి మూడేళ్లయింది. పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియదు. చివరికి అటక మీద పడేసిన ఆయన పాత కంప్యూటర్లో ఒక అవుట్‌లుక్ ఫైలు దొరికింది. పంపిన అర్జీలు, వచ్చిన జవాబులు, రశీదు నంబర్లు అన్నీ అందులో ఉన్నాయి. ఆ కంప్యూటర్ను పాత సామాన్ల వాడికి వేసి ఉంటే పదేళ్ల పోరాటానికి ఆధారమే మిగిలేది కాదు.

పరాయి రాష్ట్రంలో తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాలకు కాగితం విలువ ఒకరు చెప్పక్కరలేదు. హోసూరులో పట్టా, చిట్టా, బళ్లారిలో పహణీ, షోలాపూర్‌లో సాత్‌బారా, బరంపురంలో భూమి రికార్డు... ఏదైనా ఇప్పుడు తరచూ పీడీఎఫ్‌గా మన మెయిల్లోనే ఉంటోంది. సమాచార హక్కు జవాబులు, బడి అడ్మిషన్ ఉత్తరాలు, ఆస్పత్రి రిపోర్టులు, అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన ఫొటోలు కూడా అందులోనే. ఇనప్పెట్టెలో దాచుకోవలసినవి ఇన్‌బాక్స్‌లో వదిలేస్తున్నాం. వాటికి క్లౌడ్ బయట, మన చేతిలో ఉండే ప్రతి ఎలా తీసుకోవాలో ఈ వ్యాసంలో చెబుతున్నాం.

"గూగుల్లో ఉన్నాయిగా, ఎక్కడికి పోతాయి?"

మాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇదే. పోయే దారులు నాలుగున్నాయి.

మొదటిది చోటు నిండిపోవడం. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అది మెయిల్ ఒక్కదానికే కాదు, డ్రైవ్‌కు, ఫొటోలకు కలిపి. పెళ్లి వీడియోలతో అది నిండితే కొత్త మెయిల్ రాదు, మనం పంపింది పోదు. కలెక్టరాఫీసు జవాబు మన గడప దాకా వచ్చి వెనక్కి పోతుంది.

రెండోది వాడకపోవడం. రెండేళ్లు అసలు తెరవని వ్యక్తిగత అకౌంట్లను తొలగించే అధికారం తనకుందని గూగుల్ 2023లో నియమం మార్చింది. ఆ ఏడాది డిసెంబరు నుంచి అమలు మొదలుపెట్టింది. ఒక్క అర్జీ కోసం తెరిచి మరచిపోయిన సంఘం అకౌంట్లకు ముప్పు ఇక్కడే.

మూడోది తాళం పోవడం. ఫోన్ నంబరు మారింది, పాస్‌వర్డ్ మరచిపోయాం, లేదా ఎవరో మోసగాడు చేజిక్కించుకున్నాడు. సరుకు లోపలే ఉంటుంది, మనం బయట ఉంటాం.

నాలుగోది మన చేతులారా చెరిపేయడం. ఫోన్‌లో చోటు లేదని పిల్లవాడు వంద మెయిళ్లు డిలీట్ చేస్తే, కంప్యూటర్లోనూ అవి మాయమవుతాయి. ఎందుకంటే ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో మనం చూసేది ఒకే పెట్టెను. ఈ పద్ధతిని ఐమ్యాప్ అంటారు. ఇది అద్దం లాంటిది. అసలు కదిలితే అద్దంలో బొమ్మా కదులుతుంది. అందువల్ల "నా ల్యాప్‌టాప్‌లో కూడా కనిపిస్తున్నాయి" అన్నంత మాత్రాన ప్రతి ఉన్నట్టు కాదు. అసలు చెరిగినా చెరగకుండా ఉండేదే ప్రతి.

మీ మెయిల్ ఏ ఫైల్లో ఉంది?

కంప్యూటర్లో మెయిల్ మూడు రకాల ఫైళ్లలో ఉంటుంది. ఈ మూడు పేర్లు గుర్తుంటే సగం పని అయినట్టే.

పీఎస్‌టీ: అవుట్‌లుక్ వాడేవాళ్లకు ఇది అసలు ఇనప్పెట్టె. మెయిళ్లు, జతచేసిన కాగితాలు, చిరునామాలు అన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి. దీన్ని వేరే కంప్యూటర్‌కు తీసుకెళ్లి తెరవవచ్చు.

ఓఎస్‌టీ: ఇదీ అవుట్‌లుక్‌దే కానీ సర్వర్లో ఉన్నదానికి నీడ మాత్రమే. ఏ అకౌంటుతో, ఏ కంప్యూటర్లో పుట్టిందో అక్కడే పనికొస్తుంది. దీన్ని పెన్‌డ్రైవ్‌లోకి లాగి "బ్యాకప్ తీశాను" అనుకునేవాళ్లు చాలామంది. కొత్త కంప్యూటర్లో అది నేరుగా తెరుచుకోదు.

ఎంబాక్స్: థండర్‌బర్డ్ లాంటి ఉచిత ప్రోగ్రాములు వాడేది, జీమెయిల్ నుంచి దించుకుంటే వచ్చేది ఇదే. లోపల ఉండేది మామూలు టెక్స్ట్ కాబట్టి ఏ ఒక్క కంపెనీకీ కట్టుబడి ఉండదు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఏదో ఒక ప్రోగ్రాముతో చదువుకోవచ్చు. పదికాలాలు దాచుకోవాలంటే మా ఓటు దీనికే.

అవుట్‌లుక్‌లో మీది ఏ రకమో తెలుసుకోవాలంటే ఫైల్ మెనూలో అకౌంట్ సెట్టింగ్స్‌కు వెళ్లి, డేటా ఫైల్స్ అనే ట్యాబ్ చూడండి. ఫైలు పేరు, అది ఉన్న చోటు రెండూ కనిపిస్తాయి. అక్కడే ఉన్న ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కితే ఆ ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఇక్కడ చెబుతున్నదంతా పాత అవుట్‌లుక్ గురించి. ఇప్పుడు దాన్ని క్లాసిక్ అంటున్నారు. విండోస్‌తో వస్తున్న కొత్త అవుట్‌లుక్‌లో పీఎస్‌టీ సౌకర్యాలు ఇంకా పాతదానంతగా లేవు. కాబట్టి క్లాసిక్ ఉన్నవాళ్లు బ్యాకప్ పని పూర్తయ్యేదాకా దాన్ని తీసేయకండి.

వన్‌డ్రైవ్‌లో ఇరుక్కున్న పీఎస్‌టీ

దుకాణాలు, ఆడిటర్ ఆఫీసులు, సంఘాల కంప్యూటర్లలో ఎక్కువగా కనిపించే చిక్కు ఇది. అవుట్‌లుక్ తన పీఎస్‌టీని మామూలుగా డాక్యుమెంట్స్ ఫోల్డర్లో, అవుట్‌లుక్ ఫైల్స్ అనే పేరు కింద పెడుతుంది. కొత్త విండోస్ పెట్టుకునేటప్పుడు "మీ ఫోల్డర్లను బ్యాకప్ చేయమంటారా" అని అడిగితే సరే అని నొక్కేస్తాం. అంతే, డాక్యుమెంట్స్ మొత్తం వన్‌డ్రైవ్ కిందికి వెళ్లిపోతుంది. పీఎస్‌టీ కూడా దానితోపాటే.

వినడానికి మంచిదే అనిపిస్తుంది. కానీ పీఎస్‌టీ స్వభావం వేరు. అవుట్‌లుక్ తెరిచి ఉన్నంతసేపూ ఆ ఫైలును పట్టుకునే ఉంటుంది. ఒక్క మెయిల్ వచ్చినా ఫైలు మారుతుంది. ఫైలు మారిందని వన్‌డ్రైవ్ మళ్లీ పైకి పంపడానికి చూస్తుంది. ఒకే కుండను ఇద్దరు చెరో వైపు లాగినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. అవుట్‌లుక్ నెమ్మదిస్తుంది, బిగుసుకుపోతుంది, ఒక్కోసారి ఫైలే దెబ్బతింటుంది. పైగా వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ మాత్రమే. 8 జీబీ పీఎస్‌టీ అందులో పట్టదు. పీఎస్‌టీని వన్‌డ్రైవ్ బయటికి తెచ్చుకోవాలని మైక్రోసాఫ్టే సలహా ఇస్తోంది.

బయటికి తెచ్చే క్రమం ఇది.

1. అవుట్‌లుక్ పూర్తిగా మూసేయండి. కింద పట్టీలో గడియారం పక్కన ఉన్న మేఘం బొమ్మ మీద నొక్కి వన్‌డ్రైవ్ సింక్‌ను కాసేపు ఆపండి.

2. సి డ్రైవ్‌లో, యూజర్స్ కింద మీ పేరున్న ఫోల్డర్లో "మెయిల్" అని కొత్త ఫోల్డర్ చేయండి. అది డాక్యుమెంట్స్‌లో గాని, డెస్క్‌టాప్ మీద గాని ఉండకూడదు. ఆ రెండూ వన్‌డ్రైవ్ పట్టులో ఉండవచ్చు.

3. పీఎస్‌టీ ఫైలును ముందు ఒక బయటి డిస్కుకు కాపీ చేయండి. ఆ తర్వాతే కొత్త ఫోల్డర్లోకి తరలించండి.

4. అవుట్‌లుక్ తెరవండి. ఫైలు కనిపించలేదని చెబుతుంది. కంగారు పడకండి. ఓకే నొక్కితే ఎక్కడుందో చూపించమంటుంది. కొత్త ఫోల్డర్లోని ఫైలును చూపించండి.

5. పాత మెయిళ్లు కనిపిస్తున్నాయా, కొత్తవి వస్తున్నాయా చూసుకున్నాకే వన్‌డ్రైవ్‌ను మళ్లీ నడపండి.

గుర్తుంచుకోండి: ఇప్పుడు ఆ ఫైలు క్లౌడ్‌లో లేదు. ఇక దాని క్షేమం మన బాధ్యతే. తరలించి ఊరుకుంటే ఉన్న ఒక్క కాపునూ తీసేసినట్టే అవుతుంది. వారానికో నెలకో ఒకసారి అవుట్‌లుక్ మూసి, ఆ ఫైలును బయటి డిస్కుకు కాపీ చేసుకోవాలి. తెరిచి ఉండగా తీసిన కాపీని నమ్మలేం.

ఫైలు మరీ పెరగనివ్వకండి. 2010 నాటి అవుట్‌లుక్ నుంచి పీఎస్‌టీకి మామూలు పరిమితి 50 జీబీ. చాలా పాత, 2002 నాటి అవుట్‌లుక్ వరకు చేసిన ఫైళ్లకు పరిమితి 2 జీబీయే. ఆ గీత దాటిన ఫైళ్లు తెరుచుకోకుండా మొరాయిస్తాయి. అయిదేళ్లకొక ఫైలు చొప్పున విడగొట్టి, పేరులోనే సంవత్సరాలు రాసుకుంటే వెతకడమూ తేలిక. ఫైలు దెబ్బతింటే బాగుచేయడానికి స్కాన్‌పీఎస్‌టీ అనే పనిముట్టు అవుట్‌లుక్‌తోనే వస్తుంది. దాన్ని కూడా అసలు మీద కాకుండా కాపీ మీద నడపడమే క్షేమం.

ఓఎస్‌టీ ఉన్నవాళ్లు

మీది ఓఎస్‌టీ అయితే అందులోంచి పీఎస్‌టీ తయారు చేసుకోవాలి. ఫైల్ మెనూలో ఓపెన్ అండ్ ఎక్స్‌పోర్ట్, దానిలో ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్, ఆపైన ఎక్స్‌పోర్ట్ టు ఎ ఫైల్ ఎంచుకోండి. అవుట్‌లుక్ డేటా ఫైల్ అనే రకాన్ని తీసుకుని, అకౌంట్ పేరు మీద నొక్కి, లోపలి ఫోల్డర్లు కూడా రావాలన్న గడిలో టిక్కు పెట్టండి.

ఇక్కడ ఒక మోసం ఉంది. చాలా కంప్యూటర్లలో అవుట్‌లుక్ ఈ మధ్య కాలపు మెయిళ్లనే దించి ఉంచుతుంది, తరచుగా ఒక్క ఏడాదివే. పాతవి సర్వర్లోనే ఉండిపోతాయి. అలాంటప్పుడు మనం తీసే ప్రతిలో పాతవి రావు. కాబట్టి ముందు అకౌంట్ సెట్టింగ్స్‌లో ఆఫ్‌లైన్‌లో ఎంతకాలం మెయిల్ ఉంచాలన్న గీతను చివరికి, "అన్నీ" అన్నచోటికి జరపండి. అన్నీ దిగేదాకా ఆగండి. తర్వాతే ఎక్స్‌పోర్ట్ చేయండి.

జీమెయిల్ వాళ్లకు రెండు దారులు

మన ఇళ్లలో ఎక్కువమందికి ఉన్నది జీమెయిలే. మొదటి దారి గూగుల్ టేకౌట్. గూగులే ఇచ్చే ఉచిత సౌకర్యం. టేకౌట్ పేజీలోకి వెళ్లి ముందు అన్ని టిక్కులూ తీసేయండి. మెయిల్ ఒక్కదానికే టిక్కు పెట్టండి. ఒకసారికే కావాలని, జిప్ రూపంలో కావాలని చెప్పండి. తయారు కావడానికి కొన్ని గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. తయారయ్యాక మెయిల్‌కు లింకు వస్తుంది. ఆ లింకు వారం రోజులే పనిచేస్తుంది. "పండగయ్యాక చూద్దాం" అనుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది. జిప్ విప్పితే లోపల ఎంబాక్స్ ఫైలు ఉంటుంది. సంఘం మెయిళ్లకు, భూమి కాగితాలకు విడివిడి లేబుళ్లు పెట్టుకుని ఉంటే, ఆ లేబుళ్లను మాత్రమే ఎంచుకోవచ్చు. అప్పుడు ఒక్కోదానికి ఒక్కో ఫైలు వస్తుంది. ఇంట్లో అందరికీ అర్థమయ్యే పద్ధతి అది.

రెండో దారి థండర్‌బర్డ్. మొజిల్లా కుటుంబానికి చెందిన ఉచిత ప్రోగ్రాము. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. జీమెయిల్ చిరునామా ఇస్తే గూగుల్ పేజీ తెరిచి అనుమతి అడుగుతుంది. మెయిళ్లన్నీ దిగాక, ఎడమ వైపు అట్టడుగున ఉండే లోకల్ ఫోల్డర్స్ కింద ఒక ఫోల్డర్ చేసి, కావలసిన మెయిళ్లను అందులోకి కాపీ చేయండి. మళ్లీ చెబుతున్నాం, కాపీ చేయాలి, మూవ్ చేయకూడదు. మూవ్ చేస్తే సర్వర్లోంచి పోతాయి. లోకల్ ఫోల్డర్స్‌లో ఉన్నది మాత్రం నీడ కాదు, అసలు ప్రతి. ఫోన్లో ఎవరు ఏం చెరిపినా దానికి దెబ్బ తగలదు.

ఆ తర్వాత హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ప్రొఫైల్ ఫోల్డర్ ఎక్కడుందో చూపిస్తుంది. థండర్‌బర్డ్ మూసేసి, ఆ ఫోల్డర్ మొత్తాన్ని బయటి డిస్కుకు కాపీ చేయండి. మీరు దాచుకున్న పాస్‌వర్డ్‌లు కూడా అందులోనే ఉంటాయి కాబట్టి ఆ డిస్కును ఎవరికి పడితే వారికి ఇవ్వకండి.

చేతిలో ఫోను తప్ప మరేమీ లేనివాళ్లు ఫోన్లోనే టేకౌట్ అడగవచ్చు. దించుకోవడం మాత్రం ఇంట్లోని కుర్రాళ్ల ల్యాప్‌టాప్‌లోనో, నమ్మకమైన చుట్టాల కంప్యూటర్లోనో చేయండి. ఇంటర్నెట్ సెంటర్లో చేయవద్దు.

ఏ డిస్కు, ఎక్కడ?

లెక్క ఒకటే: మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే ఊళ్లో. మొదటిది మెయిల్ పెట్టెలో ఉన్నది. రెండోది ఇంట్లో బయటి హార్డ్ డిస్కు. మూడోది చుట్టాలింట్లో పెన్‌డ్రైవో మరో డిస్కో.

వేరే ఊరు ఎందుకంటారా? 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు బరంపురం చుట్టుపక్కల ఇళ్లు ఏమయ్యాయో అక్కడివారికి తెలుసు. 2015 డిసెంబరులో చెన్నై, 2022 జులైలో గోదావరి పొంగి యానాం మునిగాయి. కంప్యూటరూ, దాని పక్కనే సొరుగులో ఉన్న డిస్కూ ఒకే నీటిలో మునిగితే రెండు ప్రతులున్నా ఒకటే లెక్క. మనకు ఒక సౌలభ్యం ఉంది. వియ్యంకులు, మేనమామలు అటు చిత్తూరులోనో, అనంతపురంలోనో, శ్రీకాకుళంలోనో ఉంటారు. ఒక డిస్కు వాళ్ల బీరువాలో పెట్టించండి.

కాపీ చేసేటప్పుడు "ఫైలు చాలా పెద్దది" అని కంప్యూటర్ మొరాయిస్తే, డిస్కులో చోటు లేదని అనుకోకండి. చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 అనే పద్ధతిలో ఉంటాయి. వాటిలో 4 జీబీ దాటిన ఒక్క ఫైలూ పట్టదు. 64 జీబీ ఖాళీ ఉన్నా అంతే. లోపలివన్నీ వేరేచోట దాచుకుని, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేస్తే సరిపోతుంది.

పని అయ్యాక డిస్కును ఊడదీసి పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే, కంప్యూటర్‌కు తాళం వేసి డబ్బులడిగే వైరస్ దానికీ తాళం వేస్తుంది. ఇతరులింట్లో పెట్టే డిస్కుకు పాస్‌వర్డ్ రక్షణ పెట్టండి. విండోస్ ప్రో ఉంటే బిట్‌లాకర్ అందుకే ఉంది. పీఎస్‌టీకి పెట్టే పాస్‌వర్డ్‌ను మాత్రం నమ్ముకోవద్దు, అది బలహీనమైన గొళ్లెం. సముద్రతీర ఊళ్లవాళ్లు డిస్కును తేమ తగలకుండా మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టుకోండి. పెన్‌డ్రైవ్‌ను ఏళ్ల తరబడి కదపకుండా వదిలేయకుండా మధ్యమధ్య కొత్తదానికి మార్చండి.

తెలుగు అక్షరాలు గజిబిజిగా కనిపిస్తే

ఇది మన సంఘాలకు ప్రత్యేకంగా వచ్చే తంటా. పాత అర్జీలు, సావనీర్ వ్యాసాలు, కరపత్రాలు చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అవి తెలుగులా కనిపించవు, అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. ఫైలు భద్రంగా ఉన్నా చదవలేకపోతే ప్రయోజనమేమిటి? ఆ ఫాంటు ఉన్న డీటీపీ వాళ్ల దగ్గర ఇప్పుడే వాటిని తెరిపించి పీడీఎఫ్‌గా మార్పించండి. ఆ పీడీఎఫ్‌ను మెయిల్ ప్రతితోపాటే దాచండి. పాత కార్యకర్తలు ఉండగానే చేయవలసిన పని ఇది. ఏ ఫైలు ఏమిటో చెప్పగలిగేది వాళ్లే.

ప్రింటు ఉంటే చాలదా?

చదువుకోవడానికి చాలు. రుజువుకు చాలకపోవచ్చు. మెయిల్లో కంటికి కనిపించని తల భాగం ఒకటి ఉంటుంది. ఏ సర్వరు నుంచి, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ దారిలో వచ్చిందో అందులో రాసి ఉంటుంది. ప్రింటులో అది రాదు. పీఎస్‌టీ, ఎంబాక్స్ ఫైళ్లలో పదిలంగా ఉంటుంది. ఒక్క ముఖ్యమైన మెయిలే కావాలంటే, జీమెయిల్‌ను కంప్యూటర్లో తెరిచి, ఆ మెయిల్ మూలనున్న మూడు చుక్కలు నొక్కి డౌన్‌లోడ్ మెసేజ్ అంటే తల భాగంతో సహా దిగుతుంది.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డులను సాక్ష్యంగా చూపే పద్ధతిని, దానికి కావలసిన సర్టిఫికెట్‌ను చెబుతుంది. మీ కేసుకు ఏం కావాలో వకీలుగారు చెబుతారు. ఆయన అడిగిన రోజున ఇవ్వడానికి అసలు ఫైలు మన దగ్గర ఉండాలి. సమాచార హక్కు జవాబు వచ్చిన 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలన్న సంగతి తెలిసిందే. జవాబు ఏ రోజు వచ్చిందో చెప్పేదీ ఆ మెయిలే.

తెరిచి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు

ఆవకాయ జాడీకి వాసెన కట్టి పైన పెట్టాక కూడా మధ్యలో ఒకసారి తీసి చూస్తాం. ఇదీ అంతే. డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించండి. పీఎస్‌టీ అయితే అవుట్‌లుక్‌లో ఓపెన్ డేటా ఫైల్ ద్వారా, ఎంబాక్స్ అయితే థండర్‌బర్డ్‌లోకి తెచ్చుకుని చూడండి. బాగా పాత మెయిల్ ఒకటి, నడుమ ఒకటి, ఈ మధ్యది ఒకటి తెరవండి. జతచేసిన పీడీఎఫ్‌లు తెరుచుకుంటున్నాయా? పంపిన మెయిళ్ల ఫోల్డర్ వచ్చిందా? చాలామంది ఇన్‌బాక్స్ తీసుకుని సెంట్ ఫోల్డర్ మరచిపోతారు. అర్జీ పెట్టామని చూపేది మాత్రం సెంట్ ఫోల్డరే.

సంఘాల పెద్దలకు ఒక మాట

సంఘం ఉత్తర ప్రత్యుత్తరాలు ఎవరి సొంత అకౌంటు నుంచీ వద్దు. సంఘం పేరుతో ఒక అకౌంట్ తెరిచి, పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, కవరులో సీలు వేసి అధ్యక్షుడి దగ్గర ఒకటి, కోశాధికారి దగ్గర ఒకటి ఉంచండి. కార్యవర్గం మారినప్పుడు లెక్కల పుస్తకంతో పాటు మెయిల్ డిస్కునూ అప్పగించి, మినిట్స్ పుస్తకంలో సంతకాలు తీసుకోండి.

ఇళ్లలో పెద్దవాళ్లు గూగుల్ ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్‌లో తమ తర్వాత ఎవరికి సమాచారం అందాలో ముందే రాసిపెట్టవచ్చు. పది మంది వరకు పేర్లు ఇవ్వవచ్చు. ఎన్నాళ్లు అకౌంట్ కదలకపోతే వాళ్లకు కబురు వెళ్లాలో కూడా మనమే చెప్పవచ్చు. కనీసం మూడు నెలలు, గరిష్ఠం పద్దెనిమిది నెలలు. పాత కార్యదర్శి గారు ఆ పని చేసి ఉంటే అటక ఎక్కే అవసరమే వచ్చేది కాదు.

ఎప్పుడు చేయాలంటే, మా సలహా ఉగాది. మార్చి ఆఖరున లెక్కలు మూసే రోజులు కూడా అటూ ఇటుగా అప్పుడే. కర్ణాటకలో యుగాది అన్నా, మహారాష్ట్రలో గుడిపాడ్వా అన్నా రోజు ఒకటే. ఉదయం పచ్చడి తిని, పంచాంగం విన్నాక, ఒక గంట కూర్చుని పాత ఏడాది మెయిళ్లను డిస్కులోకి ఎక్కించండి. డిస్కు మీద ఆ సంవత్సరం పేరు రాసి బీరువాలో పెట్టండి.